పైరులో కనిపించే పాత గుర్తులు



పైరును చూచి కింది నేలను పోల్చుకోవడం మీకు కొత్త విద్య కాదు. ఒకే చెలకలో, ఒకే రోజున, ఒకే గొర్రుతో విత్తిన జొన్న ఒకచోట నిలువెత్తు లేచి, పది అడుగుల అవతల మోకాలెత్తున ఆగిపోతే మీరు గట్టు మీద నిలబడే సంగతి చెబుతారు. "అక్కడ అడుగున బండ ఉంది" అంటారు. లేదా "మా నాయన కాలంలో అక్కడ పెంటకుప్ప ఉండేది" అంటారు. మందులు, ఎరువులు చెప్పడానికి వచ్చిన మా బోటి ఉద్యోగులు కూడా ముందుగా మిమ్మల్నే అడుగుతారు.

ఈ విద్యనే విమానంలోంచి, ఉపగ్రహంలోంచి చేసేవారు ఉన్నారు. వారు చూచేది కూడా పైరునే. అయితే వారు వెదికేది ఎరువు లోపం కాదు, తెగులు కాదు. నేలలో పూడిపోయిన పాత ఊళ్లు, కందకాలు, గోడలు, సమాధులు వారికి కావాలి. పై నుంచి తీసిన ఛాయాచిత్రంలో పైరు రంగు తేడాగా, ఎత్తు తేడాగా కనిపించే ఇటువంటి ఆకారాన్ని మనం 'పైరు గుర్తు' అందాం. ఈ గుర్తులను ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ ఆగి ఆలోచించాలి, అందులో రైతు చేయవలసింది ఏమిటి? ఈ మూడు సంగతులే నేటి విషయం.

ముందుగా గుర్తు ఎట్లా పడుతుందో చూద్దాం. వెయ్యి, రెండు వేల ఏండ్ల కిందట ఎవరో ఒక కందకం తవ్వారనుకోండి. కాలక్రమాన అది పూడిపోయింది. పైన నాగలి నడిచింది, నేల చదునైంది. కంటికి ఏమీ లేదు. కాని ఆ కందకంలో చేరినది మెత్తని మన్ను, ఆకు అలము, బూడిద. చుట్టూ ఉన్న మొరం కంటె అది లోతు ఎక్కువ, తేమ పట్టే శక్తి ఎక్కువ. వానలు బాగా పడినన్నాళ్లు పైరుకు తేడా తెలియదు. వరసగా మూడు వారాలు వాన మొగం చాటేసిందా, మొరం మీది పైరు ముందుగా వడలి పసుపు పచ్చగా తిరుగుతుంది. కందకం మీది పైరు వేళ్లు లోతుకు దించి, తేమ తాగి, మరికొన్నాళ్లు పచ్చగా నిలుస్తుంది. పైనుంచి చూస్తే పసుపు చేనులో పచ్చని గీత కనిపిస్తుంది.

అడుగున రాతిగోడ గాని, పరిచిన బండలు గాని ఉంటే దీనికి తలకిందులు. వేరుకు చోటు లేదు, తేమ లేదు. అక్కడి పైరు ముందుగా ఎండి, పచ్చని చేనులో పాలిపోయిన గీతగా కనిపిస్తుంది. కాబట్టి పచ్చగీత గుంటను సూచిస్తే, పాలిపోయిన గీత రాతిని సూచిస్తుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

ఈ సంగతిని మొదట పట్టుకున్నది విమానాలవారు కారు. ఇంగ్లండులో విలియం స్టూక్లీ అనే ఆయన 1719లోనే గ్రేట్ చెస్టర్‌ఫర్డ్ అనే చోట పైరులో ఒక పాత రోమను కట్టడపు పునాది ఆకారం కనిపించినట్లు గుర్తించాడు. నేల మీద నిలబడి చూచినప్పుడు ముక్కలు ముక్కలుగా తెలిసేది, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత విమానాలలోంచి చూస్తే పూర్తి ఆకారంగా తెలియసాగింది. ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే పండితుడు అట్టి ఛాయాచిత్రాలను సేకరించి 1928లో ఒక గ్రంథమే వెలువరించాడు.

అందులో మనకు పాఠం చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. గిల్బర్ట్ ఇన్సాల్ అనే వైమానిక అధికారి 1925లో స్టోన్‌హెంజికి దగ్గరలో ఎగురుతూ ఒక గుండ్రని గుర్తును ఛాయాచిత్రం తీశాడు. ఆ చోటును అంతకు ముందు పెద్దలు దున్నకంలో అణిగిపోయిన ఒక సమాధి దిబ్బగా లెక్కవేసుకొని ఉన్నారు. 1926 వేసవిలో అక్కడి గోధుమ పైరు ఎదిగినప్పుడు చూస్తే, గుండ్రం లోపల వరసలు వరసలుగా చుక్కలు తేలాయి. మాడ్ కన్నింగ్టన్ అనే ఆవిడ తవ్వించి చూచారు. అది సమాధి దిబ్బ కాదు. ఒకదానిలో ఒకటిగా ఆరు వలయాలలో కొయ్య స్తంభాలు పాతిన గుంటలు బయటపడ్డాయి. దానికే వుడ్‌హెంజి అని పేరు వచ్చింది. చూడండి, గుర్తు ఉన్నదన్న మాట నిజమే. దానికి మొదట చెప్పుకున్న అర్థం మాత్రం తప్పు. అర్థం తేలింది పారతో.

ఇప్పుడు మన చుట్టుపక్కలకు వద్దాం. సికింద్రాబాదుకు ఈశాన్యాన సైనిక్‌పురి ఉంది. మాజీ సైనికుల సహకార సంఘం కాలనీగా మొదలై, నేడు కాప్రా, నేరేడ్‌మెట్, యాప్రాల్‌లతో కలిసి పూర్తిగా పట్నమైపోయింది. ఈ ఇళ్ల కింద ఉన్నది ఎర్ర చెలక, దాని కింద మొరం, దాని కింద నల్లసేన రాయి. ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దక్షిణాన మౌలాలి గుట్ట, పడమట హష్మత్‌పేట, వాయవ్యాన బొల్లారం ఉన్నాయి. ఈ ప్రాంతమంతా ఇనుప యుగపు సమాధులకు పేరు పొందింది. ఊళ్లలో వాటిని రాక్షసగుళ్లు అంటారు. పెద్ద పెద్ద గుండ్లను వలయంగా పేర్చి, నడుమ బండలతో పెట్టెలాంటి గది కట్టి, పైన మూత బండ వేసి, మన్నూ రాళ్లూ కుప్ప పోసిన సమాధులివి. వాటిలో నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. దక్షిణ దేశపు ఇట్టి సమాధులలో కత్తులు, బాణపు మొనలతోపాటు కొడవళ్లు, గొడ్డళ్లు, తవ్వుకోలలు కూడా దొరికాయి. అనగా వీరిలో సేద్యగాండ్రు ఉన్నారు. మనకంటె రెండున్నర వేల ఏండ్ల ముందు ఈ చెలకను కొట్టిన మనుషులు వారు.

ఈ సమాధుల మీద చాలా కాలంగా దృష్టి ఉన్నది. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను ఏర్పరచి గులాం యజ్దానీని మొదటి అధిపతిగా నియమించింది. 1916లో హైదరాబాదు పురావస్తు సంఘం పుట్టింది. నిజాం రైల్వేలో వైద్యుడుగా ఉన్న డాక్టర్ ఇ.హెచ్. హంట్ ఆ ఏటనే ఈ సమాధుల సమస్యలను గురించి వ్యాసం వ్రాశాడు. 1930లలో మౌలాలి దగ్గర ప్రభుత్వ శాఖవారు తవ్వి చూచారు. ఆనాడు ఇవన్నీ ఊరి బయటి బీళ్లు, చెలకలు. తరువాత పట్నం పెరిగింది. గుండ్లు పగలగొట్టి కంకరకు, పునాదికి వాడుకున్నారు. చాలా వలయాలు పోయాయి. మిగిలిన కొద్దిపాటి వాటికి చుట్టూ ఇళ్లు వచ్చాయి.

పట్నం ఇంకా ముందుకు నడుస్తూనే ఉన్నది. కీసర, శామీర్‌పేట, మేడ్చల్ వైపు నేటికి చేనుగా ఉన్న భూమి రేపు ప్లాటు కావచ్చు. పైన గుండ్లు తీసివేసినా అడుగున బండల గది మిగిలి ఉండవచ్చు. దాన్ని పైరు ఒక్కటే చూపగలదు. చేను చేనుగా ఉన్నన్నాళ్లే ఆ సాక్ష్యం దొరుకుతుంది. సిమెంటు పోసిన తరువాత ఏ విమానమూ ఏమీ చూపలేదు. ఈ విషయంలో తొందర పడవలసిన కారణం ఇది. అయితే తొందరలో తప్పు అర్థం చెప్పరాదు. దానికి కారణాలు ఇప్పుడు చెబుతాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఆకాశం నుంచి తీసిన చిత్రంలో మీ జొన్న చేనులో ఎనిమిది, పది మీటర్ల అడ్డం గల గుండ్రని గుర్తు కనిపించింది. చరిత్ర అభిమానులు చూచి "ఇది రాక్షసగుడి" అన్నారు. కావచ్చు. కాని మన పల్లెలలో గుండ్రని గుర్తు పడడానికి ఎన్ని దారులున్నాయో మీరే లెక్కపెట్టండి.

మొదటిది కళ్లం. పశువులను గుంజకు కట్టి గుండ్రంగా తిప్పి తొక్కించిన చోట నేల రాయిలాగా గట్టిపడుతుంది. కళ్లం వదిలి దున్నిన తరువాత కూడా చాలా ఏండ్లు అక్కడ పైరు గిడసబారుతుంది. రెండవది ఎద్దులతో తిప్పిన చెరకు గానుగ. ఎద్దు నడిచిన బాట వలయంగా గట్టిపడి, నడుమ మాత్రం మామూలు నేలగా ఉంటుంది. పైనుంచి చూచినవాడికి రాతి వలయం వలెనే ఉంటుంది! మూడవది చదును చేసిన చెదల పుట్ట. దాని మన్ను వేరు, దాని మీది పైరు వేరు. నాలుగవది కొట్టివేసిన చింతచెట్టు. మొదలు, వేళ్లు కుళ్లిన చోట కొన్నాళ్లు తేడా ఉంటుంది. ఐదవది పూడ్చిన బావి. అందులో మోటబావి అయితే మరీ చిత్రం. బావి గుండ్రం పచ్చగా ఉండి, ఎడ్లు ముందుకు వెనక్కి నడిచిన ఏటవాలు దారి ఒక పాలిపోయిన తోకగా కనిపిస్తుంది. తెలియనివాడు దాన్ని ఏ దేవాలయపు ప్రవేశ మార్గమో అనుకొనగలడు. ఇవిగాక గొర్రెల మంద పెట్టిన చోటు, పెంటకుప్ప చోటు, చౌడు మచ్చ, జింకు లోపం మచ్చ ఉండనే ఉన్నాయి.

తిన్నని గీతలకు కూడా ఇదే తంటా. పాత గట్టు తీసివేసిన చోటు, పూడ్చిన కాలువ, నీటి గొట్టం వేసిన దారి, గొర్రు నడిచిన తీరు, ఎరువు చల్లడంలో పడిన ఎచ్చు తగ్గులు, ఇవన్నీ గీతలు గీస్తాయి. మన నల్లసేన రాతి నేలలో మరొక మాయ ఉన్నది. పూర్వం భూమి లోపలి నుంచి కరిగిన రాయి పగుళ్లలోకి ఎక్కి గడ్డకట్టి, నల్లరాతి కట్టలుగా మైళ్ల పొడవున తిన్నగా సాగి ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని డోలరైటు డైకు అంటారు. హైదరాబాదు చుట్టూ ఇవి ఉన్నాయి. ఆకాశం నుంచి చూస్తే కోటగోడే! మనిషి చేయి దాని మీద పడనే లేదు.

సికింద్రాబాదు మరొక కారణం చేత కూడా చిక్కు. ఇది 1806 నుంచి దండు విడిసిన చోటు. సైన్యంవారు శిక్షణకు తవ్వే ట్రెంచీలు, గుడారాల వరసలు, గుర్రపు లాయాలు, గురిచూచే మైదానపు కట్టలు నేలలో గుర్తులు వదులుతాయి. ఇంగ్లండులో రెండో ప్రపంచ యుద్ధపు ఫిరంగి స్థానాల గుండ్రని గుర్తులు, గడ్డివాముల చుట్టూ తీసిన గాడులు ప్రాచీన సమాధుల వలె కళ్లకు కట్టాయి. దండు పక్క నేలలో వలయం కనిపించగానే ఇనుప యుగం అనడం ఎంత తొందరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంకొక మాట. పైరు గుర్తులు ఇంగ్లండు, ఐర్లండులలో వందలకొద్దీ దొరికినట్లు మన దగ్గర దొరకవు. మన పైరులు వేరు, మన రుతువులు వేరు. వరిమడిలో నీరు నిలిచి ఉంటుంది గనుక తేమ తేడా తెలియదు. బోరు కింద తడిపే చేను కూడా అంతే. ఆముదం, కంది ఎడం ఎడంగా వేసే పైరులు గనుక గీత తేలదు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కొర్ర వంటి దగ్గర పైరు, అదీ వానాధారపు చెలకలో, అదీ బెట్ట సమయంలో మాత్రమే గుర్తు బాగా పడుతుంది. వానాకాలపు బెట్ట నాటికి పైన మబ్బు ఉంటే ఉపగ్రహానికి నేల కనిపించదు. పైగా మన కమతాలు చిన్నవి. అర ఎకరం జొన్న, పక్కన అర ఎకరం పత్తి. ఒక పెద్ద ఆకారం నాలుగు కమతాలలో పడితే నాలుగు రకాలుగా కనిపించి ఆకారమే చెదిరిపోతుంది.

ఐర్లండులో 2018 జూలైలో గొప్ప కరువు బెట్ట వచ్చింది. న్యూగ్రేంజి దగ్గర ఒక చేనులో ఆంథొనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు డ్రోను ఎగురవేస్తే సుమారు 200 మీటర్ల అడ్డం గల బ్రహ్మాండమైన వలయం బయటపడింది. అంతకు ముందు అది ఎవరికీ తెలియదు. అటువంటి బెట్ట మళ్లీ వస్తేనే అంత స్పష్టంగా మళ్లీ కనిపిస్తుంది. అంటే ఒక్క ఏడు చూచి "ఏమీ లేదు" అనడం కూడా తప్పే. గుర్తు లేకపోయినంత మాత్రాన అడుగున ఏమీ లేదని అర్థం కాదు.

చిత్రం ఎంత సన్నగా తీశారన్నదీ చూడాలి. 1960 నుంచి 1972 వరకు అమెరికావారు కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో ప్రపంచమంతా ఫిల్ము తీశారు. 1995లో ఆ చిత్రాలను బహిరంగపరచారు. నేడు ఇళ్లు నిండిన నేలలు పొలాలుగా ఉన్న నాటి చిత్రాలు గనుక చరిత్రకారులకు ఇవి నిధి వంటివి. కాని వాటిలో మేలైన వాటికే రెండు మీటర్ల మేర ఒక చుక్కగా కనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల వలయం అడ్డంగా నాలుగు చుక్కలే గదా! నాలుగు చుక్కలను చూచి సమాధి అని ఎట్లా చెప్పగలం? కోట కందకం వంటి పెద్దవాటికి ఆ చిత్రం చాలు. చిన్న వలయాలకు నేటి డ్రోను చిత్రం వంటి దగ్గరి చూపు కావాలి. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రం చిత్రాలను 2009లో మొదలైన 'భువన్' ద్వారా ఎవరైనా చూడవచ్చు. మీ సర్వే నంబరు నేల పైనుంచి ఎట్లా ఉందో చూచుకోవడానికి అది మంచి సాధనం.

మరి గుర్తుకు అర్థం ఎట్లా తేలుతుంది? దీనికి మన తెలుగు నేల మీదనే ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. అది పైరు గుర్తు కాదు, బూడిద దిబ్బ. కాని చిక్కు అదే. రాయలసీమ, బళ్లారి, పాలమూరు ప్రాంతాలలో బూడిద దిబ్బలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజు వలె గడ్డకట్టి ఉంటుంది. ఊరివారు రాక్షసులను కాల్చిన బూడిద అన్నారు. దొరలలో కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించిన కొలిమి అన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మాత్రం ఇది పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. తేల్చడం ఎట్లా? 1957లో రేమండ్ ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను పొర పొరగా తవ్వి చూచాడు (ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు). పొరలలో పశువుల గిట్టల అచ్చులు అట్లాగే నిలిచి ఉన్నాయి! అది కొత్త రాతి యుగపు పశువుల దొడ్డి. ఏటేటా పోగుపడిన పేడను కాల్చగా వచ్చిన బూడిద అది. రాక్షసులు గారు, అగ్నిపర్వతం గాదు. మన పెద్దలైన పశుపాలకులే.

పేడ పోగు అన్న ఆలోచన ఆనాటి పల్లెవాడు ఎవడైనా చెప్పగలిగి ఉండును. అందుకే అంటున్నాను, గుర్తును చదివేటప్పుడు సేద్యం తెలిసినవాడు పక్కన ఉండాలి.

సేద్యం పరీక్ష చరిత్రకు తోడ్పడిన మరో సంగతి వినండి. స్వీడను దేశంలో ఓలాఫ్ అరేనియస్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు చక్కెర బీటు సాగు చేసే నేలలలో భాస్వరం పరీక్షలు చేస్తూ, పూర్వం మనుషులు కాపురమున్న చోట భాస్వరం ఎక్కువగా ఉంటున్నదని గమనించాడు. 1930 ప్రాంతాన ఆ సంగతి వెల్లడించాడు. ఎముకలు, బూడిద, పేడ, తిండి మిగులు ఇవన్నీ భాస్వరమే. నేలలో భాస్వరం నత్రజని వలె కొట్టుకొనిపోదు, ఉన్నచోటనే అంటిపెట్టుకొని ఉంటుంది. ఇది విని మీరు నవ్వుకొనవచ్చు. పాటిదిబ్బ మన్ను తోలి చేనుకు పోసుకోవడం మన తాత ముత్తాతల నాటి పని గదా! పాడుపడ్డ ఊరి మన్నులో బలం ఉందని వారికి ఏ పరీక్షా చెప్పలేదు, పైరే చెప్పింది. అయితే పాటిమన్ను తోలినప్పుడు కుండపెంకులు, పూసలు కూడా చేనుకు చేరుతాయి. అందుచేత చేనులో పెంకులు దొరికినంత మాత్రాన అక్కడే ఊరు ఉండేదని అనుకోరాదు. ఈ చిక్కు మన రైతుకే తెలుసు, పుస్తకం చదివినవాడికి తట్టదు.

భాస్వరం పరీక్షలో కూడా జాగ్రత్త కావాలి. నేటి చేనులలో డి.ఎ.పి., సూపర్ ఫాస్ఫేటు ఏండ్ల తరబడి వేశాము. పైమన్నులో భాస్వరం ఎక్కువ ఉంటే అది సంచిలోది కావచ్చు. గుర్తు మీద ఒకచోట, గుర్తు బయట ఒకచోట, నాగలి అందని లోతు నుంచి మన్ను తీసి పోల్చాలి. లోతున కూడా గుర్తు లోపల ఎక్కువ, బయట తక్కువ అయితే అది ఒక సూచన. అదీ సూచనే, తీర్పు కాదు.

ఇక మన ఉదాహరణలోని జొన్న చేను వలయాన్ని నాలుగు ప్రశ్నలతో తూచుదాం.

మొదటి ప్రశ్న: గుర్తు ఒక్క ఏడే కనిపించిందా, వేరు పైరు వేసిన ఏడు కూడా అదే చోట కనిపించిందా? ఒక్క ఏడు కనిపించి పోయినది ఎరువు చల్లిన తేడా, మంద పెట్టిన తేడా కావచ్చు. మళ్లీ మళ్లీ వచ్చేది నేలలోని తేడా.

రెండవ ప్రశ్న: పచ్చనిదా, పాలిపోయినదా? వలయం పచ్చగా ఉంటే పూడిన గాడి అయి ఉండాలి. పాలిపోయి ఉంటే రాయి గాని, గట్టిపడిన నేల గాని కావాలి. ఇనుప గడ్డపార దించి చూస్తే రాయికి, గట్టి మన్నుకు తేడా చేతికే తెలుస్తుంది. కాని ఆ పరీక్ష తెలిసినవారు ఉన్నప్పుడే చేయాలి. మనంతట మనం గుచ్చి గుచ్చి చూడరాదు.

మూడవ ప్రశ్న: ఒంటరిదా, గుంపులో ఉన్నదా? కళ్లం, గానుగ తరచు ఊరికి, బాటకు, బావికి దగ్గరలో ఒకటో రెండో ఉంటాయి. ఇనుప యుగపు సమాధులు చాలా చోట్ల గుంపుగా, గుట్ట అడుగున, రాతి బీడులో ఉంటాయి. చుట్టుపక్కల బీట్లో పైకి కనిపించే గుండ్ల వలయాలు ఉంటే బలం పెరుగుతుంది.

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యం: ఆ చేను పెద్దమనిషి ఏమంటాడు? గానుగ ఎక్కడ తిరిగింది, కళ్లం ఎక్కడ వేసేవారు, బావి ఎప్పుడు పూడ్చారు, ఎవరు ట్రాక్టరుతో గుండ్లు తోయించారు, ఇవి గ్రామ నక్షాలో ఉండవు, పహాణీలో ఉండవు. డెబ్బై ఏండ్ల ముసలాయన, ముసలమ్మ జ్ఞాపకంలో ఉంటాయి. వారు పోతే ఆ జవాబు కూడా పోతుంది. "అది మా గానుగ చోటు బిడ్డా" అని ఒక ముసలమ్మ చెబితే పండితుల పెద్ద వ్యాసం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. "అక్కడ పెద్ద గుండ్లు ఉండేవి, మా మామ పగలగొట్టించాడు" అని చెబితే అదే వ్యాసానికి ప్రాణం వస్తుంది.

నాలుగు ప్రశ్నలకూ జవాబు అనుకూలంగా వచ్చినా, మనం చెప్పదగినది "ఇక్కడ సమాధి ఉండవచ్చు, తవ్వి చూడదగిన చోటు" అని మాత్రమే. 'ఉంది' అని చెప్పే హక్కు శాస్త్రీయంగా తవ్విన తరువాతనే.

ఇంత జాగ్రత్త ఎందుకు అని మీరు అడగవచ్చు. తప్పు మాట ఖర్చు రైతు మీదనే పడుతుంది గనుక. "ఫలానా చేనులో పాత సమాధి ఉందట" అని పుకారు పుడితే, మరునాటి రాత్రికి గుప్తనిధుల వేటగాండ్రు పలుగూ పారా పట్టుకొని వస్తారు. పైరు తొక్కుతారు, గోతులు తవ్వుతారు. అక్కడ బంగారం ఉండదు. కుండలు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుము ఉంటాయి. అవి బద్దలై చరిత్ర పోతుంది, చేను పోతుంది. అందుచేత అనుమానపు గుర్తును చోటుతో సహా పదిమందికి చాటడం ఎవరికీ మేలు కాదు.

ఇంకొక భయం భూమి పోతుందని. ఈ భయం వల్లనే దొరికిన వస్తువును దాచడం, బండను రాత్రికి రాత్రి పగలగొట్టడం జరుగుతుంది. నిజం తెలుసుకోండి. పై నుంచి చూచిన గుర్తు వల్ల ఎవరి పట్టా మారదు. కట్టడాల చుట్టూ 100 మీటర్లలో నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి అనే నియమం 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణలో ఉంది. అది రక్షిత స్థలాలుగా కేంద్రం ప్రకటించిన వాటికి. రాష్ట్రానికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. ఇక నేలలో దాగిన విలువైన వస్తువు దొరికితే మాత్రం, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు వ్రాతమూలంగా తెలుపవలె. దాచిపెట్టడం నేరం.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. చేనులో ఏటేటా ఒకే చోట ఒకే ఆకారంలో తేడా కనిపిస్తే ఆ ఏడు, ఆ పైరు, ఆ తేదీ, ఎన్ని రోజుల బెట్ట తరువాత కనిపించిందో నోటు పుస్తకంలో వ్రాసిపెట్టండి. గట్టు మీద నుంచి గాని, మేడ మీద నుంచి గాని ఒక ఫొటో తీసి ఉంచండి. డ్రోను మాత్రం సొంతంగా ఎగురవేయకండి. సైనిక్‌పురి, యాప్రాల్ పక్కనే హకీంపేట వైమానిక స్థావరం ఉంది. 2021 నాటి డ్రోను నియమాల ప్రకారం ఇట్టి చోట్ల అనుమతి లేనిది ఎగురవేయరాదు. ఊరి పెద్దలను అడిగి ఆ చోటు పూర్వ చరిత్ర వ్రాసుకోండి. నేల చదును చేయించే ముందు, బావి తవ్వించే ముందు, ప్లాటుకు అమ్మే ముందు ఆ కాగితం రాష్ట్ర వారసత్వ శాఖకు పంపండి. బండ గాని, కుండ గాని బయటపడితే పని అక్కడ ఆపి, వస్తువును కదల్చక కబురు చేయండి. వస్తువు ఎంత విలువైనదో, అది ఉన్న తీరు అంతకంటె విలువైనది. కదిలిస్తే ఆ తీరు మళ్లీ రాదు.

ఆ గుర్తు చివరకు మీ తాతగారి గానుగ బాట అని తేలినా చిన్నబుచ్చుకోకండి. ఎద్దుల గానుగలు, మోటబావులు కూడా మన కళ్ల ముందే మాయమైపోయాయి. వాటి చోటు వ్రాసిపెట్టినవారు లేరు. రాక్షసగుడి అయితే రెండున్నర వేల ఏండ్ల నాటి సేద్యగాని జాడ, గానుగ అయితే నూరేండ్ల నాటి సేద్యగాని జాడ. రెండూ మన ఇంటివే. ఈ వానాకాలం బెట్ట పట్టినప్పుడు పైరు ఎట్లా ఉందో చూడడానికి ఎట్లాగూ చేనుకు పోతారు. పోయినప్పుడు ఆ గుండ్రని మచ్చను కూడా ఒకసారి చూచి, వ్రాసుకొని రండి.